రెండు నీలం టిక్కులు

వాషర్‌మెన్‌పేట్,
ఆదివారం.

చిరంజీవి మధుమితను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీ నర్సింగ్ హాస్టల్లో నీళ్ల ఇబ్బంది తీరిందనీ, నీకు జ్వరం మళ్లీ రాలేదనీ తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. ఆయన్ను పనికి తీసుకెళ్లే మనలి ఫ్యాక్టరీ బస్సు మాత్రం ఆయన కుంటుతూ వచ్చేదాకా ఆగడం లేదు. నీ పచ్చ చుడీదార్ కుట్టుకు ఇచ్చాను. ఆదివారాల్లో నువ్వెన్నిసార్లు పిలిచినా నా ఫోన్ ఎందుకు పలకడం లేదని అడిగావు. వార్డెనమ్మ మీ ఫోన్లు వారమంతా బీరువాలో పెడుతుందని నువ్వు విసుక్కుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నా ఫోన్‌ను నేనే ఆపేసి బియ్యం డబ్బాలో పడేశాను.

ఫోన్ పిచ్చి మీద నేను బడిలో తీసుకున్న క్లాసు ఎలా జరిగిందనీ అడిగావు. బాగా జరిగింది తల్లీ. అంత బాగా జరగకపోయినా బాగుండేది. తొమ్మిదో తరగతి తలుపు మూసి, "ఇక్కడ చెప్పింది ఈ గోడలు దాటదు" అని పిల్లలకు మాటిచ్చాను. వెనక బెంచీలోంచి సునయన లేచింది. సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టున్న ఆదికేశవులు గారి కూతురు, పలకరిస్తేనే తల వంచుకునే పిల్ల. బట్టలు ఆరేసే నెపంతో మిద్దె మీద గంటలకొద్దీ ఫోన్ చూస్తాననీ, ముఖం తెలియనివాడెవడో స్నేహమని మాటలు కలిపి ఇప్పుడు ఇంట్లో చెబుతానని బెదిరిస్తున్నాడనీ ఏడుస్తూ చెప్పింది. దగ్గరకు తీసుకుని ఓదార్చాను.

మా బడి సంగతి నీకు తెలుసుగా. ఏం చేసినా వీడియో తీసి గ్రూపులో పెట్టాలి, లేకపోతే హెడ్‌మిస్ట్రెస్ చేసినట్టే ఒప్పుకోరు. ఆ రోజూ నా ఫోన్ కిటికీలో నిలబెట్టి తీశాను. గ్రూపుకు పంపి ఊరుకోలేదు. రీల్ చేసి నా పేజీలో కూడా పెట్టాను, నువ్వు నేర్పిన విద్యే. పిల్ల ముఖం కనబడకుండా చేశాను. గొంతు మాత్రం అలాగే వదిలేశాను.

కన్న తండ్రికి గొంతు తెలియదా? మూడు వారాలుగా సునయన బడికి రావడం లేదు. చదువు మాన్పించేశారు. బతిమాలుదామని మొన్న వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ జానకీదేవి గారు గడప దగ్గరే ఆపేశారు. "ఫోన్ మంచిది కాదని చెప్పేదానికి మీకు మా పిల్లే దొరికెనా మిస్? ఈడికి ఇంక రావద్దండి" అన్నారు.

నాన్నకు కూడా చెప్పనిది నీకు చెబుతున్నాను. రీల్ పెట్టిన రోజు సునయన బడికి రాలేదు, మధ్యాహ్నమే ఇంటినుంచి వాట్సాప్‌లో తన మెసేజ్ వచ్చింది. "మిస్, ప్లీజ్, తీసేయండి. నాయన చూస్తే అంతే." చదివాను. అప్పటికే నాలుగు వేల మంది చూశారు. ఎవరెవరో నాకు దండాలు పెడుతున్నారు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత మెప్పు ఎన్నడూ చూడలేదు మధూ. సాయంత్రం తీసేద్దాంలే అనుకున్నాను. స్టాఫ్ రూములో అన్నం కెలుకుతూ లైకులే చూస్తూ కూర్చున్నాను. బడి వదిలేసరికి ఆ వీడియో ఆదికేశవులు గారి కొట్టుకు చేరిపోయింది. ఆ పిల్లకు చెప్పిన జబ్బు నాకే ఉంది. నామీద నాకు అసహ్యంగా ఉంది.

మొన్న నేను వెనక్కి తిరుగుతుంటే సునయన గడప దగ్గరికి వచ్చింది.

"మిస్, ఆ పొద్దు మీరు నా మెసేజ్ చూళ్ళేదు కదా?"

"చూడలేదమ్మా" అన్నాను.

"సరి మిస్" అని తలుపు మూసింది.

మెట్లు దిగాక గుర్తొచ్చింది. నేను చదివిన క్షణమే తన ఫోన్లో రెండు నీలం టిక్కులు పడి ఉంటాయి. తెలిసే అడిగింది పిల్ల.

ఇట్లు,
నీ అమ్మ
వైదేహి