అమ్మాయికి కుర్చీ కావాలి

మేనేజరు గారికి,

మీ దగ్గర పనిచేసే అమ్మాయికి నేను అమ్మమ్మను. ఈ ఉత్తరం సంగతి దానికి తెలియదు, తెలియనివ్వకండి. వచ్చే నెల దాని కాంట్రాక్టు పొడిగించాలో వద్దో మీరు తేలుస్తారట. అందుకని నోరు కుట్టేసుకుని కూర్చుంది.

దాని ఆఫీసు మా భోజనాల బల్ల. బల్ల ఎత్తు, కుర్చీ పొట్టి. టైపు చేస్తుంటే భుజాలు చెవులదాకా వస్తాయి. మొన్న చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఏమైందే అంటే, "కాస్త తిమ్మిరి అమ్మమ్మా, నువ్వు రాద్ధాంతం చెయ్యకు" అంది. నిన్న జడ అల్లుకోలేక దువ్వెన తెచ్చి నా చేతికిచ్చింది. అల్లాను.

లాప్‌టాప్ కింద నాలుగు నిఘంటువులు పెట్టాను. తెర కళ్లకు ఎదురుగా వచ్చింది కానీ, మీటలు చేతికందనంత పైకి పోయాయి. నా పాండిత్యం అక్కడితో సరి. ఎత్తు మార్చుకునే కుర్చీ ఒకటి, విడిగా కీబోర్డు ఒకటి పంపండి. అందరికీ పంపుతున్నట్టే పంపండి. నేను అడిగానని తెలిస్తే తిప్పి పంపేస్తుంది.

ఇంకొకటి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని మీరే ఆజ్ఞ జారీ చేయండి. ముప్పై ఏళ్లు టైపు నేర్పిన దాన్ని నేను. పేజీ పూర్తికాకుండా కుర్చీ దిగకూడదని దీనికి స్కేలు పట్టుకుని మరీ నేర్పాను. ఇప్పుడు నేనే లేవమంటే, పరీక్ష పెడుతున్నానని నవ్వుతుంది.

ఇట్లు,
ఆ అమ్మాయి అమ్మమ్మ