పై వరసలోంచి ఈల

పారిస్, నవంబరు 1881

అమ్మా,

ఆదివారం కచేరీలో ఆ జర్మన్ వాగ్నర్ సంగీతం మొదలవగానే, జర్మన్లంటే గిట్టనివాళ్ళు ఎప్పటిలాగే ఇంటి తాళంచెవులు నోట పెట్టుకుని ఈలలు వేశారు. తలెత్తి చూశాను. పై వరసలో నల్లబట్టల్లో నువ్వున్నావు. నీ పెదాల దగ్గర మన ఇంటి తాళంచెవి ఉంది.

నాకు కోపం లేదు. నా కవితల పుస్తకం వాగ్నర్‌కు అంకితమిచ్చిన రోజే అడిగావుగా, "మీ అన్నని పొట్టన పెట్టుకున్నవాళ్ళ పాటరా నీకు కవిత్వం నేర్పింది? సిగ్గులేదూ?" అని. గాస్పార్ అన్న జర్మన్లతో యుద్ధంలో పోయి పదకొండేళ్ళయినా నీకు నిజం చెప్పలేకపోయాను.

అన్న బూట్లు తుడుచుకుంటూ ఒక రాగం తీసేవాడు, గుర్తుందా? నువ్వు బఠాణీలు ఒలుస్తూ, "ఇంకోసారి పాడరా గాస్పార్" అని మరీ మరీ పాడించుకునేదానివి. అది ఎవరిదో వాడు నీకు చెప్పలేదు. నాకు వాగ్నర్ పిచ్చి అంటించింది వాడే.

ఆదివారం వాయించింది ఆ రాగమే. మీ ఈలలకి సగంలో ఆపేశారు.

వాడి గొంతు ఎలా ఉండేదో నాకిప్పుడు గుర్తు రావడం లేదమ్మా. నీకైనా గుర్తుంటుందనుకున్నాను.

నీకు మిగిలిన కొడుకు