కనక చెక్కిన సింహం

పెదబయలు, గురువారం

శేషవేణీ, నాన్న ఆశీస్సులు.

ఆపరేషనైన కంటికి బాగానే కనిపిస్తోంది, చెయ్యి వణకడం లేదు. బెంగపెట్టుకోకు. కోరంగిలో మీ తాత కట్టిన తెరచాప ఓడకు చెక్క నమూనా పూర్తి చేశాను. దాని నగిషీలన్నీ ఇక్కడి పిల్ల కనక చెక్కింది. ఓడ ముందు కొనకు సింహం కావాలంటే, చెవులు వేలాడే కుక్కను చెక్కి తెచ్చింది! కోప్పడ్డాను.

"సింగాన్ని నానెక్కడ సూసినాను తాతా? మా కుక్కయితే ఎంత అడవిలోనైనా ఇంటి దారి మరిసిపోదు" అంది.

నాకు నవ్వాగలేదు. కుక్కనే ఓడకు బిగించేశాను.

వంటింటి కప్పు కారడం ఆగిందా? టీవీ బల్ల ఖాళీ చేసి ఉంచు, ఓడను అక్కడ పెడదాం. కనక ఇంతవరకూ సముద్రం చూడలేదట. వాళ్ళమ్మనడిగి ఆదివారం వెంట తీసుకొస్తున్నాను. పీతల కూర వండు. అల్లుడికీ పిల్లలకీ దీవెనలు.

మీ నాన్న,
నూకరాజు