లెక్క తేలని కాన్పులు

జూలై 6, ఆదివారం

తెరుచుకుంది! మూడు వారాలుగా సతాయిస్తున్న ఫైలు ఇవాళ పొద్దున్నే తెరుచుకుంది. ప్రభుత్వ సైటులో ఎవరైనా తీసుకోవచ్చని పెట్టిన డేటాయే — ఏ సబ్ సెంటర్‌లో నెలకు ఎంతమంది గర్భిణులు పేరు రాయించుకున్నారు, ఆ పరిధిలో ఎన్ని కాన్పులయ్యాయి. పేర్లుండవు, అంకెలే. తీసుకోమని పెట్టారు కానీ గడి ఒకచోట, అంకె ఇంకోచోట. మిర్యాలగూడను ఒక ఫైల్లో ఒకలా, రెండో ఫైల్లో మరోలా రాశారు. నేను పుట్టిన ఊరిని రెండు ఊళ్లు చేశారు కదరా నాయనా!

నాకు నేను పెట్టుకున్న షరతు — ఒక్కటే పేజీ. ఫోన్లో తెరవగానే మొత్తం కనపడాలి, కిందికి జరపనక్కర్లేదు.

మా ఆయన రమేశ్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వంటేమిటని అడగబోయి, నా మొహం చూసి తనే కుక్కర్ పెట్టాడు.

జూలై 8, మంగళవారం

కాలేజీకి పోతూ కోదాడ బస్సులో కూర్చునే రంగులు ఆలోచించాను. నమోదుకు నీలం. కాన్పులకు ఆకుపచ్చ.

సెకండియర్ వాళ్లకు ఎన్నేళ్లని ఎక్కడో పూసిన పూల రేకుల కొలతలిచ్చి సగటు కట్టమంటాను? ఏటా అవే పూలు, అదే సగటు. ఈసారి మన కోదాడ, మన సూర్యాపేట, మన మిర్యాలగూడ అన్నాను. వెనక బెంచీలు కూడా ముందుకు వంగాయి. మా ఊరు కూడా ఉంటదా మేడం అని ఒకమ్మాయి. ఉంటది అన్నాను. స్టాటిస్టిక్స్ క్లాసులో బెల్లు కొట్టినా ఎవరూ లేవకపోవడం ఇదే మొదలు.

జూలై 13, ఆదివారం

పట్టీలు నిలబడ్డాయి! ఒక్కో ఊరికి పక్కపక్కన రెండు — నీలం, ఆకుపచ్చ. వేలు పెడితే ఊరి పేరు వస్తోంది. కుర్చీలోంచి లేచి గదిలో నాలుగు చుట్లు తిరిగాను. కడుపులో ఇది కూడా తన్నింది, అర్థమైనట్టే.

జూలై 15, మంగళవారం

అమ్మ ఫోన్. ఇంకో ఐదు రోజుల్లో ఎనిమిది పడుతుంది, ఎనిమిదిలో ఊరు దాటొద్దు, తొమ్మిది పడగానే మిర్యాలగూడ వచ్చేయాలి, డాక్టరమ్మతో మాట్లాడి పెట్టాను... సరే సరే అంటూనే ఉన్నాను. చెవి అమ్మకిచ్చి, కళ్లు పట్టీల మీద పెట్టి.

జూలై 19, శనివారం

ఇది మామూలు విషయం కాదు.

మా ఊరు. నా ఊరు అనాలో, అత్తగారి ఊరు అనాలో, ఫ్యాక్టరీ ఊరు అనాలో — ఇప్పుడు నేనుంటున్న ఈ ఊరు. నీలం పట్టీ నిటారుగా ఉంది. పక్కన ఆకుపచ్చ సగానికే ఆగిపోయింది. తప్పు చేశానేమోనని మూడుసార్లు మొదటినుంచి కట్టాను. అదే సగం. ఇంతమంది పేర్లు రాయించుకున్నారు, మరి కాన్పులేవి? ఆ బిడ్డలేమయ్యారు?

పడుకోబుద్ధి కావడం లేదు. భయంతో కాదు, ఒట్టు, సంతోషంతో. ఎవరూ చూడనిది నేను చూశాను!

జూలై 20, ఆదివారం

పేజీకి శీర్షిక పెట్టాను — 'లెక్క తేలని కాన్పులు'. ఎర్ర అక్షరాలతో. మా ఊరి సబ్ సెంటర్ అన్నిటికన్నా పైన. కాలేజీ గ్రూపులో పెట్టేశాను. రమేశ్ చదివి, ఎవరినైనా ఒకసారి అడగాల్సింది కదా అన్నాడు. అంకెలు అబద్ధం చెప్పవు అన్నాను. ఎంత గొప్పగా అన్నానో.

జూలై 23, బుధవారం

ప్రిన్సిపల్ గారు స్టాఫ్ రూముకే వచ్చి మెచ్చుకున్నారు. తనకు తెలిసిన వాళ్లకు పంపారట, వాళ్లు ఇంకెవరికో. పేజీ సూర్యాపేటలో జిల్లా వైద్య ఆఫీసు దాకా పోయిందట. ఇంటికొస్తూ బస్టాండులో జిలేబీ కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను.

జూలై 30, బుధవారం

ఎలా రాయను ఇది.

సాయంత్రం సైదమ్మక్క వచ్చింది. మా సబ్ సెంటర్ నర్సు. నెలనెలా వచ్చి నా బీపీ చూసేది, ఐరన్ గోళీలు మింగుతున్నానా లేదా అని డబ్బా తెరిచి మరీ లెక్కపెట్టేది. ఇవాళ బీపీ పట్టీ కట్టి, గాలి కొట్టడం మర్చిపోయి కూర్చుంది. ఏమైందక్కా అన్నాను.

కాలేజీ వాళ్లెవరో ఫోన్లో ఏదో కాగితం పెట్టారట. కాన్పులు మాయమైనయని రాశారట. వచ్చే సోమవారం సూర్యాపేటకు వచ్చి, ఏ గర్భిణి ఏమైందో ఒక్కొక్కరి సంగతీ రాసి ఇవ్వమన్నారట. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా ఏటేటా పొడిగిస్తూ వస్తున్నారు. ఈసారి పొడిగించే కాగితం రావాల్సింది ఈ ఆగస్టులోనే.

మరి ఆ కాన్పులు ఏమైనట్టక్కా అని మాత్రం అడగగలిగాను.

"నువ్వు యాడ కంటవ్ మేడం?"

మిర్యాలగూడలో అన్నాను. అమ్మ దగ్గర.

"మరి పేరు నా దగ్గర్నే రాయించుకుంటివి గద."

అంతే అంది. గాలి కొట్టి, అంకె చూసి, మంచిగనే ఉంది అని లేచింది.

ఫ్యాక్టరీ ఊరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కాపురం పెట్టిన కొత్త జంటలు. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోని పిల్ల ఉంటుందా? పేరు ఇక్కడి లెక్కలో, బిడ్డ అక్కడి లెక్కలో. మిర్యాలగూడ ఆకుపచ్చ పట్టీ నీలాన్ని మించి ఎందుకుందో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టంటారు. నేను కడుపులోనే పెట్టుకుని వెతికాను.

నేనేనని చెప్పలేదు. ఆమె చెప్పులేసుకుని గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. సిగ్గేస్తోంది.

జూలై 31, గురువారం

పేజీ తీసేశాను. తీస్తే ఏం లాభం... ఫొటోలు తిరుగుతూనే ఉన్నాయి.

కాలేజీకి సెలవు పెట్టి సబ్ సెంటర్‌కు పోయాను. అది నేనే చేశాను అక్కా అన్నాను. ఆమె ఏదో రాస్తోంది, తలెత్తలేదు. వాక్యం పూర్తి చేసి, పెన్ను మూత పెట్టి అప్పుడు చూసింది. తిడితే బాగుండేది.

"సదువుకున్నవ్. నన్నొక్క మాట అడగకపోతివి."

అడగలేదు. నిజంగా నాకు అడగాలనే తోచలేదు. రోజూ ఆ సెంటర్ ముందునుంచే బస్సెక్కుతాను.

ఏడవడం మొదలుపెట్టాను. ఎనిమిదో నెల్ల ఏడ్వొద్దు అని కుర్చీ జరిపింది. రిజిస్టర్ తెరిచింది. ఇక్కడ పేరుండి కాన్పు ఇక్కడ కాని వాళ్లు, మొత్తం ఇరవై మూడు. కొందరి పక్కన పెన్సిలుతో ఊరి పేరుంది, కొందరికి లేదు. పుస్తకం గడప దాటదని ముందే చెప్పింది. పేర్లు నా ఫోన్లోకి ఎక్కొద్దంది. నువ్వు ఫోన్ చెయ్యి, నేను రాసుకుంటా అంది.

ఆగస్టు 1, శుక్రవారం

ఒక్కరోజులో తొమ్మిది మంది!

మొదటి ఫోన్ తిరుమలగిరికి. అవతల పత్తిచేనులో ఉన్నారు, గాలి హోరు. సైదమ్మక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఏం పుట్టిందే అని అరిచింది. ఆడపిల్లట, బొద్దుగా ఉందట. రాసుకుంది. రెండోది పాలకీడు — మొగపిల్లగాడు, పేరింకా పెట్టలేదు. మూడోది మా మిర్యాలగూడే, అమ్మవాళ్ల వెనక వీధి! ఆ అమ్మాయి పిల్లాడి ఏడుపు వినిపించమంటే వినిపించింది.

ఒక్కో నంబరుకు ఒక్కో బిడ్డ దొరుకుతోంది. ఇరవై మూడు ఖాళీలూ ఒక్కొక్కటే నిండుతుంటే ఎంత ఆనందమో చెప్పలేను. పేజీ కట్టిన రోజు కూడా ఇంత లేదు.

ఆగస్టు 2, శనివారం

పొద్దున టీకాలు, ఆమెకు ఊపిరి లేదు. మధ్యాహ్నం నుంచి ఫోన్లు. ఒకామె భర్తట, మీరెవరు, మా ఆమె సంగతి మీకెందుకు అని గదమాయించాడు. సైదమ్మక్క ఫోన్ తీసుకుని — ఏంరా, పెండ్లయి వచ్చిన కొత్తల జరమొస్తే నీకు సూదేసింది ఎవలు అంది. వెంటనే మెత్తబడి, ఖమ్మంలో కాన్పయింది, సిజేరియన్ అని అన్నీ చెప్పాడు. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇరవై రెండు. ఒక్కటే మిగిలింది.

ఆగస్టు 3, ఆదివారం

ఆ ఒక్కరు మంజుల. లారీ క్లీనర్ భార్య. మూడు నెలల కింద కిరాయి గది ఖాళీ చేసి పోయారు. ఇంటివాళ్లకు తెలియదు, లారీ ఆఫీసులో తెలియదు. ఫోన్ స్విచ్ఛాఫ్. తల్లిగారి ఊరు అని రిజిస్టర్‌లో ఉన్న ఊళ్లోని ఆశా కార్యకర్తను కనుక్కుని అడిగాం, అక్కడికి రాలేదంది. లెక్క ప్రకారం కాన్పయి నెల దాటాలి.

కొత్త పేజీ కట్టాను. మా ఊరి నుంచి గీతలు — తిరుమలగిరికి ఒకటి, పాలకీడుకు, ఖమ్మానికి, మిర్యాలగూడకు లావుగా. ఎర్ర శీర్షిక పోయింది. 'మా ఊరి బిడ్డలు ఎక్కడెక్కడ పుట్టారు' అని పెట్టాను. ఎంత బాగుందో! ఊళ్ల పేర్లే ఉన్నాయి, మనుషుల పేర్లు లేవు. కానీ ఒక మూల ఒక్క ఎర్ర చుక్క, 'తెలియదు' అని.

తెల్లారితే ఆమె సూర్యాపేట పోవాలి. నేనే అన్నాను — అక్కా, మంజులకు కూడా తల్లిగారిల్లు అని రాసేయి. ఇరవై రెండు నిజమే కదా, ఇరవై మూడోది ఎవరు పోయి చూస్తారు? కాగితం రావాల్సిన నెల. ఆ చుక్క కనపడితే మొదట అదే అడుగుతారు.

సైదమ్మక్క రిజిస్టర్‌లో మంజుల పేరు మీద వేలు పెట్టింది.

"తల్లిగారింటికి పోయిందని రాస్తే, ఇగ ఆ పిల్లను ఎవ్వరు ఎతకరు మేడం."

రెండు వారాల కింద ఉన్న మనుషుల్ని మాయమయ్యారని రాసింది నేనే. ఇవాళ నిజంగా కనపడని ఒక్కదాన్ని ఉన్నట్టు రాసేయమన్నదీ నేనే. రెండూ ఈ చేతే.

తెల్వంది తెల్వదనే రాస్త అని, తన చేత్తో రాసుకుంది.

ఆగస్టు 4, సోమవారం

నేను వెంట పోతానంటే అమ్మ ఫోన్లో ఒప్పుకోలేదు. రోజూ కోదాడకు బస్సులో పోతే లేని దోషం సూర్యాపేటకు పోతే వస్తుందా? ఎనిమిదో నెల అంటే ఎనిమిదో నెలే అంది. పేజీ ప్రింటు తీసి సైదమ్మక్క చేతిలో పెట్టాను. ఇది తప్పుగా చేసి పంపింది నేనే, ఆమె తప్పు ఏమీ లేదు అని ఒక ఉత్తరం కూడా, నా పేరు, సంతకంతో.

తొమ్మిదిన్నర బస్సు. పదకొండు. పన్నెండు. ఫోన్ లేదు. అన్నం సహించలేదు.

నాలుగింటికి వచ్చింది. సారు గీతలన్నీ వేలితో చూశారట, ఉత్తరం రెండుసార్లు చదివారట. మిగతా సెంటర్ల వాళ్లు కూడా ఇట్లే కనుక్కుని రాయాలన్నారట. మీటింగులో పక్కన కూర్చున్న నర్సులంతా సైదమ్మక్క వైపు చూసిన చూపు చెప్పి నవ్వింది — నీకు మస్తు శాపనార్థాలు పెడ్తుండ్రు మేడం.

ఆ చుక్క?

అదే మొదట అడిగారట. తెల్వదు సార్, ఎతుకుతున్న అందట. మరి కాంట్రాక్టు అంటే, చూసి చెప్తామన్నారు. అంతే.

ఆగస్టు 9, శనివారం

కాగితం రాలేదు. మంజుల ఫోన్ స్విచ్ఛాఫ్.

ఆగస్టు 12, మంగళవారం

పేజీ మళ్లీ పెట్టాను. ఈసారి ముందు సైదమ్మక్కకు చూపించి. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో ఊరూ చదివింది, మిర్యాలగూడ గీతను ఇంకొంచెం లావు చెయ్ అంది. అదెందుకు అంటే, నువ్వు కూడా పోతున్నవ్ గద అంది. నా క్లాసు పిల్లలు ఇంకో నాలుగు ఊళ్ల డేటా తెచ్చారు, కానీ ముందు ఆయా ఊళ్ల నర్సుల్ని అడిగి వచ్చాకే గీతలు గీస్తామన్నారు. నేను చెప్పకుండానే! క్లాసులో ఈల వేయాలనిపించింది.

ఆగస్టు 15, శుక్రవారం

కాగితం రాలేదు. సెలవు కదా, వచ్చే వారం వస్తుందేమో. రమేశ్‌ను లారీ అడ్డా దగ్గర మళ్లీ కనుక్కోమన్నాను. ఒక డ్రైవర్ ఆ క్లీనర్‌ను ఎక్కడో చూసినట్టే ఉందన్నాడట. ఎక్కడో గుర్తు రాలేదట.

ఆగస్టు 20, బుధవారం

మిర్యాలగూడ. తొమ్మిది పడగానే అమ్మ వచ్చి తీసుకొచ్చేసింది. బయల్దేరే ముందు సైదమ్మక్క రిజిస్టర్ చంకన పెట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. పుస్తకం గడప దాటదన్న మనిషి! నా పేరు పక్కన పెన్సిలుతో మిర్యాలగూడ అని రాసుకుంది. అమ్మ నంబరు కూడా తీసుకుంది. నేను ఫోన్ జేస్తే ఎత్తాలె, ఒక్కసారి గూడ ఎత్తకుండ ఉండొద్దు అంది. అమ్మకు ఇది కొంచెం ఎక్కువనిపించింది. నాకు అనిపించలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

పొద్దున్నుంచి నడుము లాగుతోంది. ఇంకా టైముందంది డాక్టరమ్మ.

ఆగస్టు 24, ఆదివారం

టిఫిన్ చేస్తుంటే సైదమ్మక్క ఫోన్. చెయ్యి కడక్కుండానే ఎత్తాను.

"రింగైంది మేడం."

ఎవరికి అని అడగనక్కర్లేకపోయింది. రోజూ ఎనిమిదింటికి చేస్తుంది కదా, ఇవాళ కూడా స్విచ్ఛాఫ్ అనే అనుకుందట, మొత్తం రింగైంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ మొత్తం రింగైంది. ఎవరూ ఎత్తలేదు.

నంబరు ఇంకెవరికైనా పోయిందేమో అక్కా అన్నాను. ఏమో, గావొచ్చు అంది. కాగితం వచ్చిందా అని అడిగాను. ఏం కాగితం అంది. కాంట్రాక్టుది అక్కా అన్నాను. అది రాలే అని, ఒక్క క్షణం ఆగి, పది నిమిషాలైనంక మళ్ల చేస్త, నువ్వు ఫోన్ దగ్గర్నే పెట్టుకో అని పెట్టేసింది.

ఎనిమిదీ నలభై. ఫోన్ ఒళ్లోనే ఉంది.