వంటింటి కిటికీ కొలతలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం మన పాత రైల్వే క్వార్టర్ కూల్చడానికి యంత్రం వచ్చింది. కార్మికులు తమ ఇళ్లను ఎలా మార్చుకున్నారన్నదే నా పరిశోధన. అందుకే నా ఆర్కిటెక్చర్ విద్యార్థులతో లోపలే ఉన్నాను. వంటిల్లు ఒక్కటే ఇంకా కొలవలేదు.

"దీదీ, జల్దీ నికలియే!" అని కాంట్రాక్టర్ త్వరగా బయటికి రమ్మంటూ అరిచాడు.

పక్కింటి అప్పలనరసమ్మ పిన్ని గుమ్మంలో చతికిలబడింది. "పిల్లలు కొలిసీదాకా నాను లెగను. ఏటి సేస్తావో సెయ్యి!" అంది.

ఇంజన్ ఆగలేదు. నేను టేపు లాగి గోడకు ఆనించాను. అమ్మకు పొగ తగలకూడదని నువ్వు గోడ తొలిచి పెట్టిన కిటికీని ఆఖరున కొలిచాం. మేం బయటికి రాగానే ఆ గోడ కూలింది.

ఆ కిటికీ డ్రాయింగులో రూపకర్త పేరు ఏం రాయమంటారని విద్యార్థుల్లోని బెంగాలీ అమ్మాయి అడిగింది. నీ పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాను.