పెళ్ళికో చావుకో అయితేనే ఎక్కాలి

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 11.20

కౌన్సిల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాను. "అసాధారణ వాహనములో ప్రయాణికులను అద్దెకు తిప్పుటకు అనుమతి" అని కాగితం పేరు. ముప్ఫై ఒక్కేళ్ళు ఈ ఊళ్ళో గడప గడపకీ పాలసీసాలు దించిన బండి ఇప్పుడు అసాధారణం అయిపోయింది. డెయిరీ మూసేసినప్పుడు నేనే కొనుక్కున్నాను. సీసాల పెట్టెలుండే చోట ఏడు సీట్లు బిగించాను, బెల్టులతో సహా. బ్యాటరీ బండి. గంటకు పదిహేను మైళ్ళు పోతుంది, అదీ కొండ దిగేటప్పుడు.

లైసెన్సుల ఆఫీసరు మిస్ ఓల్డ్‌రాయిడ్ చిన్నపిల్లే గానీ నవ్వదు. 26న వచ్చి బండి చూస్తుందట. నచ్చితే వెనక తగిలించుకోవడానికి లైసెన్సు బిళ్ళ ఇస్తుంది. ఆలోగా డబ్బుకు గానీ, ఇంకే ప్రతిఫలానికి గానీ మనిషిని ఎక్కించుకున్నానని తెలిస్తే దరఖాస్తు చెత్తబుట్టలోకే. పెళ్ళిళ్ళకీ అంత్యక్రియలకీ మాత్రం లైసెన్సు అక్కర్లేదట, చట్టంలోనే ఉందట. ఆ రెండిటితో నాకేం పని.

పక్క ఊరి నర్సరీ ఆయన నా బండిలో మట్టి నింపి జెరేనియం మొక్కలు పెడతానని బేరం పెట్టాడు. 26న బిళ్ళ రాకపోతే బండి ఆయనకే అని డోరీన్ తేల్చేసింది. డోరీన్ నా భార్య, నలభై రెండేళ్ళుగా తేలుస్తూనే ఉంది.

నిర్ణయం (డోరీన్ పక్కన నిలబడి రాయించింది): 26 దాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించుకోను. ఊరికే కూడా ఎక్కించుకోను. మా ఊరివాళ్ళెవరూ ఊరికే ఎక్కరు, దిగేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెడతారు, నాకు వద్దనడం రాదు.

ఇరవై ఐదు రోజులు. ఎంతలో అయిపోతాయి!

సెప్టెంబర్ 2, మంగళవారం

బండి కడిగాను. తుడిచాను. మళ్ళీ కడిగాను.

సాయంత్రం 5.00. బ్యాటరీ పాడవకుండా ఊరంతా ఒక చుట్టు, ఖాళీగా.

చెయ్యి ఊపినవాళ్ళు: ముగ్గురు. ఆపింది: సున్నా!

నా మనోబలం చూసి నాకే ముచ్చటేసింది. డోరీన్ మాత్రం ఆరంభశూరత్వం అంది.

సెప్టెంబర్ 4, గురువారం. వాన

10.05. బస్టాపులో హిల్డా గారు. ఎనభై నాలుగేళ్ళు. రోజుకి రెండు బస్సులే మిగిల్చారు, ఆ రెంట్లో ఒకటి రాలేదు. పలకరించడానికి మాత్రమే ఆపాను. ఆవిడ ఎక్కేశారు.

10.06. దిగమన్నాను. వాన తగ్గనీ అబ్బాయ్ అన్నారు. ఈ అబ్బాయికి అరవై ఏడు.

10.30. కాళ్ళ డాక్టరు గుమ్మం దగ్గర వాన తగ్గింది.

సీటు మీద అరడజను ప్లమ్ పళ్ళు వదిలి వెళ్ళారు. ఇది ప్రతిఫలమా? అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. ఫలమే గానీ ప్రతిఫలం కాదు. సాక్ష్యం మిగలకూడదని తినేశాను. సాయంత్రం డోరీన్ నా కోటు జేబులోంచి ఆరు టెంకలు తీసి టేబుల్ మీద వరసగా పేర్చింది.

సెప్టెంబర్ 6, శనివారం

ఇవాళ అసలు సిసలు పెళ్ళి! పెళ్ళికూతురిని చర్చి నుంచి విందు దగ్గరికి తీసుకెళ్ళాను. పూర్తిగా చట్టప్రకారం. నిర్ణయం చెక్కు చెదరలేదు.

ఆవిడ బాబాయిని పబ్బు దగ్గర దించడం కూడా పెళ్ళి కిందకే వస్తుంది. ఆయన చేతిలో పెళ్ళి కేకు ఉంది మరి. నాకూ ఒక ముక్క పెట్టాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

9.15. గేటు దగ్గర హిల్డా గారు. నల్లకోటు, నల్లటోపీ, చేతిలో టీ డబ్బా. డబ్బాలో పెంపుడు పిట్ట. పోయిందట. కాళ్ళ డాక్టరు ఇంటి వెనక చిన్న తోట ఉంది, అక్కడ పాతిపెట్టాలట.

మిస్ ఓల్డ్‌రాయిడ్ మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అంత్యక్రియలు అంది. ఎవరివి అన్నది చెప్పలేదు.

హాజరైనవారు: హిల్డా గారు, వెనక వీధి క్లిఫర్డ్ గారు (ఎనభై ఒకటి, పూర్వం పోస్ట్‌మ్యాన్), ఇంకో ఇద్దరు. చిత్రంగా నలుగురికీ ఇవాళే కాళ్ళ డాక్టరు. నేను టోపీ తీసి నిలబడ్డాను. డబ్బా మరీ తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది గానీ అలాంటి సమయంలో మూత తీసి చూడమనడం మర్యాద కాదు.

సెప్టెంబర్ 13, శనివారం

ఊళ్ళో పెంపుడు జంతువులకి ఏదో గాలి సోకినట్టుంది. ఈ వారం మరణాలు:

బంగారు చేపలు 2
హామ్‌స్టర్ 1
క్లిఫర్డ్ గారి తాబేలు 1 (నిన్న. ఆయన ఎంత బాగా ఏడ్చారంటే, నేనూ కళ్ళు తుడుచుకున్నాను)

శుభకార్యాలు కూడా ఉన్నాయి. బేకరీ దంపతులు సంతకి వెళ్ళే దారిలో బండిలోనే మళ్ళీ పెళ్ళి ప్రమాణాలు చేసుకున్నారు. వచ్చే గురువారం కూడా చేసుకుంటారట.

ముట్టినవి: పంది మాంసం కూరిన పేస్ట్రీ, ఊరబెట్టిన ఉల్లిపాయలు, ఊలు మేజోళ్ళు. వీటిని పెళ్ళి విందు, కర్మల భోజనం కింద జమకట్టాను. మేజోళ్ళ సంగతి ఇంకా తేలలేదు.

నిజం చెప్పొద్దూ, చాలా సంతోషంగా ఉంది. డెయిరీ మూసేశాక మూడేళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి డోరీన్ ఒక్కతే, అదీ తిట్టడానికి.

సెప్టెంబర్ 17, బుధవారం

డోరీన్ లెక్కలు తీసింది. హామ్‌స్టర్‌ని రెండుసార్లు పూడ్చారట, ఒకసారి చర్చి దగ్గర, ఒకసారి బ్యాంకు దగ్గర. రెండోది సంతాపసభ అన్నాను. బ్యాంకు దగ్గరెందుకు అంది.

"పెళ్ళికీ తద్దినానికీ ఒకటే మంత్రం దొరికింది నీకు, ఆర్నల్డ్. ఆ మంత్రం 26న మిస్ ఓల్డ్‌రాయిడ్ ముందు చదువు, విని తరిద్దాం."

నర్సరీ ఆయన బండి కొలతలు అడిగాడని కూడా చెప్పింది. అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

2.10. మిస్ ఓల్డ్‌రాయిడ్ ఫోన్. ఫిర్యాదు వచ్చిందట. పోయిన శుక్రవారం పూడ్చిపెట్టిన తాబేలు నిన్న పక్కింటాయన పెరట్లో క్యాబేజీ తింటూ దొరికింది. రాసింది ఆ క్యాబేజీ ఆయనే.

మీ బండికీ ఆ తాబేలుకీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ప్లమ్ పళ్ళు నేను అడగలేదండీ" అన్నాను.

అవతల రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

సెప్టెంబర్ 20, శనివారం

చాలు. బండి తాళంచెవి డోరీన్ చేతికిచ్చేశాను. చావులు లేవు, పెళ్ళిళ్ళు లేవు, పలకరింపులు లేవు.

సెప్టెంబర్ 22, సోమవారం

రెండు రోజులు పూర్తి! కాస్త గోళ్ళు కొరుక్కున్నాను, అంతే.

సెప్టెంబర్ 23, మంగళవారం

9.40. హిల్డా గారు ఒక్కరే వచ్చారు. నల్లకోటు లేదు, డబ్బా లేదు. కంటి ఆస్పత్రికి వెళ్ళాలి, తీసుకెళ్తావా అని అడిగారు. కల్పించి ఏమీ చెప్పలేదు. నేను కుదరదన్నాను. మనిషికి కుదరదని చెప్పడం ఇదే మొదటిసారి. సరే అబ్బాయ్ అని కొండ ఎక్కడం మొదలుపెట్టారు.

9.52. కిటికీలోంచి చూస్తున్నాను. సగం కూడా ఎక్కలేదు. సిగ్గేసింది.

9.55. డోరీన్ తాళంచెవి టేబుల్ మీద పెట్టి, గిన్నెలు కడుక్కోవాలంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు కడిగి గంటయింది.

10.00. ఎక్కించుకున్నాను. దిగేటప్పుడు పిప్పరమెంట్లు ఇచ్చారు. పుచ్చుకున్నాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

10.00. మిస్ ఓల్డ్‌రాయిడ్ వచ్చింది. సీట్లు కొలిచింది. బెల్టులు లాగి చూసింది. బండి కిందకి దూరి చూసింది. ఒక్క లోపం దొరకలేదు.

10.35. గేటు దగ్గర ఏడుగురు, అందరూ నల్లబట్టల్లో. ఇవాళ రావద్దని చెప్పమని డోరీన్‌తో నిన్ననే అన్నాను. మర్చిపోయానంది. డోరీన్ ఏదీ మర్చిపోదు.

మిస్ ఓల్డ్‌రాయిడ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎవరు పోయారని అడిగింది. జెరేనియం మొక్కలు నా కళ్ళ ముందు పూసేశాయి.

హిల్డా గారు అన్నారు: "ఇవాళ ఎవరూ పోలేదు తల్లీ. అందుకే ఎలా ఎక్కాలో తెలీక నిలబడ్డాం."

ఆ పిల్ల బస్సు ఎన్నింటికని అడిగింది. వస్తే పదకొండింటికి అన్నారు. వస్తుందా అంది. ఏడుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఫలితం: బండి పాస్, నేను ఫెయిల్. దరఖాస్తు చెత్తబుట్టలో వెయ్యలేదు. ఇరవై ఎనిమిది రోజుల వాయిదా. అక్టోబర్ 24 దాకా ఒక్క ఫిర్యాదు రాకపోతే బిళ్ళ ఇస్తుందట.

మధ్యాహ్నం నర్సరీ ఆయన ఫోన్ చేశాడు. డోరీన్ తీసింది. మొక్కలు నేల మీద కూడా పెరుగుతాయండీ అని చెప్పి పెట్టేసింది. నేను లేచి వెళ్ళి ముద్దు పెట్టుకున్నాను. ఉల్లిపాయల వాసన అని తోసేసింది.

సెప్టెంబర్ 27, శనివారం. ఉదయం 8.00

నిర్ణయం, మళ్ళీ మొదటి నుంచి: అక్టోబర్ 24 దాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించుకోను. జంతువుల చావులు చెల్లవు. పాత ప్రమాణాలు చెల్లవు. మనుషుల పెళ్ళి, చర్చి కాగితం చేతిలో ఉంటేనే.

9.30. హిల్డా గారు, క్లిఫర్డ్ గారు వచ్చారు. చర్చి కాగితం తెచ్చారు. రేపటి నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటనగా వాళ్ళిద్దరి పేర్లూ చదువుతారు. అక్టోబర్ 18న పెళ్ళి.

బండెక్కడానికి మరీ ఇంత దూరం వెళ్ళాలా అని అడిగాను. క్లిఫర్డ్ గారు బూట్లు చూసుకుంటూ కూర్చున్నారు. హిల్డా గారే చెప్పారు.

"నేను బండి కోసమే ఏడ్చాను అబ్బాయ్. ఇతనూ అంతే అనుకున్నాను. వాళ్ళావిడ ఆ కరోనా మాయరోగం ఏడాది పోయింది కదా, అంత్యక్రియలకి ఎవర్నీ రానివ్వలేదు, ఇతనొక్కడే నిలబడ్డాడట. తాబేలు దగ్గర మనం నలుగురం టోపీలు తీసి నిలబడేసరికి ఆగలేకపోయాడు."

ఆ రోజు ఆయన ఎంత బాగా ఏడ్చారో అని నేను మెచ్చుకున్నాను. డోరీన్ టీ పెట్టింది. చాలాసేపు అందరం టీయే తాగాం.

10.20. మిస్ ఓల్డ్‌రాయిడ్ వాళ్ళింటి నంబరుకి ఫోన్ చేసి, పెళ్ళి పనులు పెళ్ళి కిందకే వస్తాయా అని అడిగాను. శనివారం ఫోన్ చేసినందుకు తిట్టలేదు. ఎవరి పెళ్ళని అడిగింది. చెప్పాను. చట్టం చూసి సోమవారం చెప్తానంది. పెట్టేసే ముందు, పెళ్ళి ఎన్నింటికి అంది.

10.45. హిల్డా గారికి పెళ్ళి టోపీ కొనాలట. ఇవాళే కొనాలట. క్లిఫర్డ్ గారు అప్పుడే ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకున్నారు.

నిర్ణయం సోమవారం నుంచి.