కాక్టస్‌కి నీళ్ళు పొయ్యొద్దు

ఏప్రిల్ 10, 2016, ఆదివారం

కాక్టస్‌కి కుండీ మార్చాను. పాత డబ్బా పగిలి వేళ్ళు బయటికొచ్చేశాయి. మా ఆయన గిరిబాబు డయాలసిస్ కోసం సొంతూరు కవిటి వదిలి అరసవల్లిలో ఈ గది తీసుకున్నప్పుడు కొన్న మొక్క. నీళ్ళడగదట, నాకు జోడీ అన్నాడు. పేపర్ మడిచి పట్టుకున్నా నా చేతినిండా ముళ్ళే. ఆయనే కూర్చుని ఒక్కొక్కటీ తీశాడు.

మట్టిలో సగం ఇసుక కలిపాను. మొక్కల బండివాడు పది రోజులు చుక్క నీరు పొయ్యొద్దన్నాడు. "మొక్క పాతి నీల్లు పొయ్యకపోతే ఎలాగే, పాపం కాదేటి" అని అత్త సణిగింది. ముళ్ళ మొక్క ఇంట్లో వద్దని మొదట గోల చేసింది ఈవిడే.

ఏప్రిల్ 11

డయాలసిస్. గురువారం నుంచి మూడు కిలోల పైన పెరిగాడట. చేరిందంతా నీరే అని సిస్టర్ అందరి ముందూ నన్ను తిట్టింది. ఇవాళ్టి నుంచి ఆయన నీళ్ళ బాటిల్ మీద మార్కర్‌తో గీతలు. రోజుకి అర లీటరు. కొబ్బరితోటల ఊరి మనిషికి కొబ్బరినీళ్ళు కూడా లేవు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. కొలత అంటే కొలతే.

ఏప్రిల్ 13, ఉదయం 6

కుండీలో మట్టి తడిగా ఉంది.

ఏప్రిల్ 15

మళ్ళీ తడి. అత్తని నిలదీశాను. దీనికే కాదు, కొడుక్కీ దొంగచాటుగా నీళ్ళిస్తున్నావని అనేశాను. ఆవిడ ఏడవలేదు. "ఆడికెలాగూ పొయ్యనివ్వవు. దీనికైనా పొయ్యనీయే" అంది.

ఆవిడ చేతిలో చెంబు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత సిగ్గేసింది. తాళం మాత్రం తియ్యలేదు.

ఏప్రిల్ 21

కిలోన్నరే పెరిగాడు. సిస్టర్ మెచ్చుకుంది. ఆటోలో ఇంటికొస్తుంటే గర్వంగా అనిపించింది.

మే 1

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం మూడింటికే అర లీటరూ అయిపోయింది. "ఒక్క గుక్కే కుమారీ, ఇయ్యే" అన్నాడు. గీత చూపించాను. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే గుడ్డని పళ్ళతో పట్టుకుని పీల్చాడు. లాగేసుకున్నాను.

మే 2

హాస్పిటల్‌కి వెళ్తుంటే ఆటోలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

నిన్న ఒక్క గుక్క ఇచ్చి ఉంటే ఏమయ్యేదని సిస్టర్‌ని అడిగాను. దానివల్ల ఏమీ అయ్యేది కాదమ్మా అంది. ఓదారుస్తున్నాననుకుంది.

మే 11

పదోరోజు. నాగావళి ఒడ్డున ఆయన పేరు చెప్పి చుట్టాలంతా నీళ్ళొదిలారు. తలా మూడు దోసిళ్ళు. ఎవరూ కొలవలేదు.

ఇంటికొచ్చి తాళం తీసి చెంబు అత్తకిచ్చాను. కుండీ పొంగి గదంతా నీళ్ళయ్యేదాకా పోసింది. ఇద్దరమూ తుడవలేదు.